ముందు విప్పింది మోకునే

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. రోడ్డు మీద ఇద్దరు మనుషులు పడి ఉన్నారు. ఒకాయన కదలడం లేదు. ఇంకొకాయన నా వైపు చెయ్యి ఎత్తాడు. నేను ఆయన దగ్గరికి పోలేదు. రోడ్డు పక్కనున్న తాటిచెట్టు మొదలుకు కట్టి ఉన్న మోకును ముందు విప్పాను. అది నా మోకు. ముడి బాగా బిగుసుకుపోయింది. నా నడుముకు కల్లు గీసే కత్తి ఉంది, రెండు వేట్లకు తెగేది. కోస్తే ముడి ముక్క చెట్టుకే మిగిలిపోతుందని, ఆ ముక్కను చూసి ఎవరైనా నన్ను పట్టేస్తారని, గోళ్లతో, పళ్లతో విప్పాను. విప్పి, చుట్ట చుట్టి, తుప్పల్లో దాచి, అప్పుడు మనిషి దగ్గరికి పోయాను.

ఎంతసేపు పట్టిందని తర్వాత కోర్టులో అడిగారు. బీడీ తాగినంత సేపు అన్నాను. నిమిషాల్లో చెప్పమన్నారు. ఐదు అని రాసుకున్నారు.

మోకు అంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు. ప్రాణం దాని మీదే ఉంటుంది కాబట్టి మా వాళ్లలో దాన్ని ఎవరికీ అరువియ్యరు. ఎవరిది వాళ్లే పేనుకుంటారు. ముడి దగ్గర ఒక్కో ఇంటిది ఒక్కో అల్లిక. మా మండలంలో గీసేవాళ్లలో ఎవరికి చూపించినా, ఇది ఫలానా ఇంటి మోకు అని చెప్పేస్తారు. పాతబడ్డా పారేయం, కొట్టంలో చిలక్కొయ్యకు వేలాడదీస్తాం. నాన్న బతికున్నన్నాళ్లూ పాత మోకుతో బర్రెను కట్టేసినా ఊరుకునేవాడు కాదు.

అలాంటి మోకును నేను ఆ రోజు నా చేత్తో తీసి ఇచ్చాను.

మా ఊరు రుద్రంగి దాటాక కోరుట్ల తొవ్వలో ఉంటుంది. రోడ్డు అక్కడ రెండు గుట్టల నడుమ మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోనే నేను గీసే తాటిచెట్లు. నేను ఇంటర్ దాకా చదివాను గానీ, నాన్న మోకాళ్లు అరిగిపోయాక ఆయన చెట్లు నేనే ఎక్కాను. పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. చెట్టు కింద చిన్న గుడిసె, నాలుగు బండలు, తాగేవాళ్లు కూర్చోవడానికి.

ఆ రోజు పొద్దు వాలకముందే ముగ్గురు వచ్చారు. అందులో ఒకడు మా ఊరివాడే. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. అతనికీ, అతని పెదనాన్న కొడుక్కీ పొలం గట్టు మీద ఏళ్లుగా కొట్లాట. అది సిరిసిల్ల కోర్టు దాకా పోయింది. మిగతా ఇద్దరిలో ఒకడు అతని బామ్మర్ది, ఇంకొకడు నాకు తెలియని మనిషి.

"బావా, ఓ లొట్టి దీసి పెట్టు. మంచిది."

"ఏంది కథ? పనిదినం నాడు జమైండ్రు?"

"ఇయ్యాల రాజీ బావా. మా అన్న కోర్టుకు పోయిండు. గిటే అస్తడు. ఇగ చాలనిపించింది. కాళ్లు మొక్కైనా సరే ఆపి, ఒక్క లొట్టిల తాగుదమనుకుంటున్నం."

"నువ్వా, కాళ్లు మొక్కుడా? ఇయ్యాల పొద్దు ఎటు పొడిసింది?"

"నవ్వు బావా, నవ్వు. నువ్వు నవ్వకుంటే ఎవలు నవ్వుతరు?"

గట్టు తగాదా తెగినప్పుడు రెండు పక్షాలూ ఒకే లొట్టిలోంచి, అంటే ఒకే కల్లు కుండలోంచి, వంచుకుని తాగడం మా దగ్గర వాడుకే. అందుకని నమ్మాను. ఆ తర్వాత అతను ఒక తాడు అడిగాడు. ఆటో ట్రాలీలో మేకను తెస్తున్నారని, రాజీ కాగానే కోస్తారని, కట్టేయడానికి గట్టి తాడు కావాలని అన్నాడు. గుడిసెలో పాత మోకు తప్ప వేరే తాడు లేదు.

"గది మోకురా, ఇయ్యద్దు," అన్నాను.

"పాతదేనాయె. నువ్వేమన్న దాంతోటి ఎక్కుతున్నవా? మ్యాకకు తెలుస్తదా గది మోకో, చాంతాడో?"

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వి ఇచ్చాను. నేను చెట్టు దగ్గరికి పోతుంటే అతను వెనక నుంచి ఇంకో మాట అన్నాడు: "పైకెక్కినంక జర రోడ్డు జూడు బావా. మా అన్న బండి కనవడితే ఓ కేకెయ్యి. దాటిపోయిండంటే మల్ల దొరుకడు."

చెట్టు మీద గీతవాడికి కనిపించేది కిందివాళ్లకు కనిపించదు. అక్కడి నుంచి రుద్రంగి వైపు రోడ్డు చాలా దూరం కనిపిస్తుంది. గొర్లు తప్పిపోయినవాళ్లు, బస్సు కోసం చూసేవాళ్లు అందరూ కింద నిలబడి నన్నే అడుగుతారు. నేను చెబుతాను. అది రోజూ చేసే పనే.

రెండో చెట్టు మీద కల్లు కారే గొల కొస చెక్కుతూ కిందికి చూశాను. వాళ్ల ముందు పెట్టిన లొట్టి పెట్టినట్టే ఉంది. నురుగు కూడా చెదరలేదు. తాగడానికి ఇచ్చిన తాటాకులు మడిచిన మడతల్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్లు కల్లు పోశాను. కల్లు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్న మనుషులను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మేక అరుపు కూడా ఎక్కడా లేదు. నా మోకు కూడా వాళ్ల దగ్గర కనిపించలేదు. బామ్మర్ది రోడ్డుకు ఆవలి పక్క పొదల దగ్గర వంగి ఉన్నాడు.

అది చూసి నాకేమీ తెలియలేదని నేను ఇప్పుడు అనను. కానీ రేపు పొద్దున మళ్లా ఇదే చెట్టు ఎక్కాలి, ఇదే మనిషి కింద ఉంటాడు, వాడితో మనకెందుకు అనుకున్నాను. ఒక మనిషి ప్రాణాన్ని నేను ఆ లెక్కన తూచాను.

అప్పుడే మలుపుకు అవతల ఎర్ర ట్యాంకున్న మోటారుసైకిలు కనిపించింది. అన్న అనే ఆయన బండి అదే. బండి మీద ఇద్దరున్నారు. వెనక కూర్చున్నాయన ఎవరో నాకు తెలియదు. ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"అస్తున్నడు బావా!" అని అరిచాను.

ఇద్దరున్నారని చెప్పలేదు. నన్ను అడిగింది ఒక్కడి గురించే.

ఆ తర్వాత జరిగింది అంతా పైనుంచి చూశాను. రోడ్డు మీద దుమ్ములో పడి ఉన్న తాడు ఒక్కసారి పైకి లేచింది. ఒక కొస చెట్టుకు, ఒక కొస బామ్మర్ది చేతుల్లో. బండి ముందు చక్రం మెలి తిరిగింది. వెనక కూర్చున్నాయన ఎగిరి, కల్వర్టు గోడకు తల తగిలి పడ్డాడు. నడిపే ఆయన లేవబోయాడు. ఇద్దరు ఆయన మీద పడ్డారు. కత్తులు ఎక్కడి నుంచి వచ్చాయో నేను చూడలేదు. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు.

తాటిచెట్టు దిగడం బావిలో దూకడం లాంటిది కాదు. మోకు ఒక్కో మెట్టు జార్చుకుంటూ దిగాలి. తొందరపడితే నేనూ పోతాను. దిగుతున్నంతసేపూ కిందికి చూస్తూనే ఉన్నాను. పోయేముందు మా ఊరివాడు లొట్టి ఎత్తుకొచ్చి, పడి ఉన్న ఇద్దరి మీదా కల్లు కుమ్మరించాడు. ఒక్క చుక్క తాగని ఆ లొట్టిని అలా ఖాళీ చేసి, నా వైపు తలెత్తి చూసి పోయాడు.

నేను నేల మీద కాలు పెట్టాను. ఆ తర్వాత మోకు విప్పాను. అది మొదట్లోనే చెప్పాను.

వెనక కూర్చున్నాయన బతికే ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. అంగీ అంతా కల్లుతో తడిసింది. నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. నోట్లోంచి బీడీ వాసన, నెత్తుటి వాసన వచ్చాయి. కల్లు వాసన లేదు.

"ఎవలన్నా నువ్వు? ఏడికి పోతున్నవ్?"

"కోరుట్ల... నా బిడ్డ... ఆడివిల్ల పుట్టింది..."

సంచిలో మెత్తటి నూలుగుడ్డలు ఉన్నాయి, పొత్తిళ్ల కోసం. సిరిసిల్లలో సాంచెలు నడిపే మనిషి ఆయన. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. రుద్రంగిలో బస్సు దిగి చాయ తాగుతుంటే బస్సు పోయిందట. అటే పోతున్న బండిని ఆపి ఎక్కాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను ఫోను తీసి అంబులెన్సును పిలిచాను. కోరుట్లకు తీసుకుపోయారు, అక్కడి నుంచి జగిత్యాలకు పంపారు. జగిత్యాల ఆసుపత్రిలో రాత్రి కాకముందే పోయాడు. నడిపే ఆయన రోడ్డు మీదే పోయాడు.

వెనకాయనను అంబులెన్సు ఎక్కిస్తుండగానే పోలీసులు వచ్చారు, నేను గుడిసె దగ్గరే ఉన్నాను.

"ఏమయ్యా, నువ్వేం జూసినవ్?"

"చెట్టు మీదున్న సార్. చప్పుడైంది. దిగేసరికి ఇద్దరు పడున్నరు. బండి జారినట్టున్నది."

"జారితే మెడ మీద గాట్లెట్ల పడ్డయి?"

"తెల్వది సార్."

పక్కనున్న కానిస్టేబుల్ ముక్కు మూసుకుని అన్నాడు: "ఇద్దరు గుప్పుమంటుండ్రు సార్. మస్తుగ కొట్టిండ్రు. ఏం రా, నీ కాడనే తాగిండ్రా?"

"చానమంది అస్తరు సార్. యాదికి లేదు."

ఆ ఒక్క మాటతో, చుక్క తాగని మనిషిని నేను తాగుబోతును చేశాను. కాగితం మీద అదే రాశారు.

గట్టు పగ ఊరందరికీ తెలుసు కాబట్టి వారం తిరక్కుండానే ముగ్గురూ దొరికారు. వాళ్లు చెప్పింది ఇలా: అన్నే తాగి బండి జారి పడ్డాడు, లేపడానికి పోతే తిట్టాడు, మాట మాట పెరిగి కొట్టుకున్నాం, ముందుగా అనుకున్నది కాదు. వెనకాయన సంగతి మాకు తెలియదు, తాగి ఉన్నాడు, తనంతట తనే పడ్డాడు, మేము ఆయన మీద చెయ్యి కూడా వెయ్యలేదు. మోకు లేదు కాబట్టి మాటు వేసిన ఆనవాలు లేదు. అలా సిరిసిల్ల మనిషి చావు ఎవరి ఖాతాలోనూ పడకుండా పోయింది. ఆయన హత్యకు గురయ్యాడా, తాగి పడి చచ్చాడా అన్నది తుప్పల్లోంచి ఇంటికి తెచ్చి, మా కొట్టంలో గడ్డి కింద నేను దాచిన తాడు మీద ఉంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

వాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన నన్ను చూడటానికి వచ్చాడు. బండ మీద కూర్చుని, తాపీగా ఒక ఆకు కల్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"అల్లుడా, నీకేం భయం లేదు. కేకేసింది నువ్వు, మోకు నీది. గా ముచ్చట మేం ఎవలకు చెప్పం. నువ్వు నోరు దెరిస్తివా, మావోళ్లతోని నువ్వు సుత బోనుల నిలవడుడే. గమ్మునుంటివా, నువ్వు చెట్టు మీద, మేం చెట్టు కింద. ఎప్పటి లెక్కనే."

"వెనకాయన ఏం పాపం చేసిండు మామా?"

"గాయన నసీబు గంతే. ఎక్కిన బండి అసొంటిది."

ఇంకో రెండు నెలలకు, బెయిలు విషయంలో వాయిదా ఉన్న రోజున, పోలీసులు పిలిస్తే సిరిసిల్ల కోర్టుకు పోయాను. వరండాలో నిలబడి ఉంటే ఒకావిడ వచ్చి నా ముందు ఆగింది. వేళ్ల చివర్లు బీడీ ఆకు కోసి కోసి పగిలి ఉన్నాయి.

"నువ్వేనా తాడిచెట్టాయనవు?"

"అవునక్కా."

"పోయినాయన నా పెనిమిటి. సిరిసిల్లోడు. ఓ మాట అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు. నీ కాడ ఎంత తాగిండు?"

నేను నేల చూశాను.

"గల్లీ మొత్తం గదే అంటుండ్రు. మనుమరాలిని జూడవోయెటోడు తాగి పోతడా అని నేను మొత్తుకుంటున్న. ఇనెటోళ్లు లేరు. బిడ్డ అత్తగారింట్ల తలెత్తుకుంట లేదు. తాగితే తాగిండని చెప్పు, నేను కొట్లాడుడు బంద్ జేస్త."

"నాకు తెల్వదక్కా."

"తెల్వదా?" ఆమె నా ముఖంలోకి చూసింది. "పోసెటోనివి నువ్వేనాయె. నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

నా తప్పులన్నిటిలో ఆ 'తెల్వదక్కా' అన్న మాట ఎక్కువ బరువుగా ఉంటుంది నాకు. మోకు విప్పినప్పుడు భయంలో ఉన్నాను. ఇక్కడ ఆలోచించుకుని అన్నాను.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కొట్టం ముందు కూర్చుని ఉంది. పక్కన మోకు.

"గిది గడ్డి కిందికి ఎట్లచ్చింది?"

అంతా చెప్పాను. ఆమె మోకు తీసుకుని ముడి దగ్గరి అల్లికను తడిమి చూసింది.

"చెప్తే నిన్ను తీస్కపోతరు," అంది చివరికి.

"అవు."

"ఎన్నొద్దులు?"

"తెల్వది. శిక్ష పడితే శానా ఏండ్లు."

"చెప్పకుంటే?"

నేను మోకు అందుకోబోయాను.

"రెండు నెలల సంది బుక్కెడు బువ్వ తిన్నది లేదు, మనిషితోని మాట్లాడింది లేదు. ఇంట్ల ఉండి ఏం చేస్తున్నవ్? మన కుక్క నయ్యం, దొంగ వస్తెనన్న మొరుగుతది."

తిట్టింది. తర్వాత లోపలికి పోయి, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. పొద్దున్నే నా తెల్ల అంగీ ఉతికి ఆరేసింది.

జగిత్యాలలో ఒక వకీలు దగ్గరికి పోయాను. ఊరికి దగ్గరి వకీళ్లయితే మాట బయటికి పొక్కుతుందని అంత దూరం పోయాను. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒకర్ని చంపాలని మాటు వేసిండ్రు. గా మాటుల ఇంకో మనిషి సచ్చిండు. సెయ్యి తాకలేదంటే నడువది. ఒకనికి పెట్టిన గురి ఇంకొకనికి తాకినా చట్టం దృష్టిల అది హత్యే. తాడు కట్టినోడు, పట్టుకున్నోడు, కత్తి లేపినోడు, అందరు దానికి బాధ్యులే. కాని తాడుండెనని ఎవలు చెప్పాలె?"

"నేను సార్."

"చెప్తే నీ సంగతి ఏంది? తాడిచ్చినవ్, కేకేసినవ్, ఆనవాలు మాయం జేసినవ్. తెల్వక ఇచ్చిన అంటవు. లొట్టి నిండ ఉండుట జూసి కూడ కేకేసినవని నువ్వే అంటున్నవ్. గా ముక్క చెప్పకు. మిగతాది చెప్పు."

"గా ముక్క చెప్పకుంటే ఆయన మీద కల్లు వాళ్లే పోసిండ్రని ఎట్ల తెలుస్తది సార్? నిండు లొట్టి పోసిండ్రని చెప్తెనే గద, ఎవ్వరు తాగలేదని తేలేది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే నువ్వు నా దగ్గరికి సలహాకు రాలేదు," అన్నాడు. "తోడుకు అచ్చినవ్. నడు."

మెజిస్ట్రేటు గారి ముందు నిలబడ్డాను. నువ్వు ఇది చెప్పాల్సిన పని లేదు, చెబితే నీకే ఎదురు తిరగొచ్చు, ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా అని ఆయన ఒకటికి రెండుసార్లు అడిగారు. ఇంటికి పోయి ఆలోచించుకుని మరునాడు రమ్మన్నారు. మరునాడు పోయి లొట్టి సంగతి కూడా దాచకుండా చెప్పాను. మోకు అప్పగించాను. దాని పేటల మధ్య బండి ముందు దీపం పగిలిన ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. చెట్టు మొదలు మీద ముడి ఒరుసుకున్న గీత కూడా అప్పటికి పూర్తిగా మానలేదు.

నన్ను నాలుగో ముద్దాయిగా చేర్చారు. కరీంనగర్ జైలుకు పంపారు. కొన్ని నెలలకు ప్రభుత్వ వకీలు కోర్టును అడిగి నన్ను అప్రూవర్‌గా మార్చారు. అంటే, ఉన్నది ఉన్నట్టు చెబితే నా మీద కేసు ఉండదు, ఒక్క అబద్ధమాడినా మళ్లీ ముద్దాయినే. అయినా విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలన్నారు. ఉన్నాను. ఆ ముగ్గురిలో ఇద్దరు పక్క బ్యారక్‌లోనే ఉండేవాళ్లు. నీళ్ల దగ్గర ఎదురుపడితే మా ఊరివాడు ఉమ్మి, "చెట్టు మీది కాకి" అనేవాడు. మిగతావాళ్లూ అదే పేరుతో పిలిచేవాళ్లు.

నా సాక్ష్యం రెండు రోజులు నడిచింది. ముద్దాయిల వకీలు వయసులో పెద్దాయన, నెమ్మదిగా అడిగేవాడు.

"నీ మెడకు పడ్డ ఉరి తప్పించుకోవడానికి వీళ్ల మెడకు వేస్తున్నావు. అవునా?"

"నా మెడకు ఎవ్వలు వెయ్యలేదు సార్. పోలీసులకు నా మీద అనుమానం సుత లేకుండె. నేనే అచ్చిన."

"చనిపోయిన రెండో వ్యక్తి తాగలేదని చెబుతున్నావు. నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. గీసెటోన్ని. తాగినోని నోరు ఎట్లుంటదో నాకెరికే. కల్లు అంగీ మీద ఉండె, నోట్ల లేదు."

"పోస్టుమార్టం పరీక్షలో తాజా కల్లు బయటపడకపోవచ్చు కదా?"

"పరీక్ష నాకు తెల్వది సార్. నా ముక్కు తెలుసు."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

"సరే. లొట్టి ముట్టలేదని పైనుంచి చూశావు. మేక లేదని చూశావు. పొదల దగ్గర మనిషిని చూశావు. అన్నీ చూసి, అప్పుడు కేక వేశావు. ఎందుకు?"

జైల్లో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబులు చాలా కూర్చుకున్నాను. అవన్నీ పక్కన పెట్టి ఉన్నది చెప్పాను.

"అనుమానమైంది సార్. అయినా వేసిన. వాళ్లతోని నాకెందుకు పంచాయితీ అనుకున్న."

"అంటే చావు జరుగుతుందని తెలిసే వేశావు."

"చంపుతరని అనుకోలేదు. మంచి జరగదని అనుకున్న. రెండిట్ల ఎంత తేడా ఉందో మీకే తెలుసు సార్."

జడ్జిగారు రాయడం ఆపి నా వైపు చూశారు. గుమస్తాను ఆ మాట కూడా రాసుకోమన్నారు.

తీర్పు రోజున ముగ్గురికీ రెండు చావులకూ హత్య కిందే శిక్ష పడింది. మాటు వేసినవాళ్లకు ఆ మాటులో ఎవరు పడ్డా బాధ్యత ఒక్కటేనని తీర్పులో ఉందని వకీలు చదివి చెప్పాడు. నాకు ఇచ్చిన మాట ప్రకారం నన్ను వదిలేశారు. వదిలేయడం అంటే తప్పు లేదనడం కాదు. చట్టానికి నా అవసరం పడింది, అందుకని వదిలింది. ఐదు నిమిషాలు ముందు పిలిచి ఉంటే ఆయన బతికేవాడా అని జగిత్యాలలో ఆ రోజు ఉన్న డాక్టరును వెతికి అడిగాను. "చెప్పలేం" అన్నాడు. ఆ మాట నాతోనే ఉంది.

బయటికి వచ్చిన వారానికి సిరిసిల్లకు పోయాను. ఆమె ఇంటి అరుగు మీద చాటలో బీడీలు చుడుతోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"అక్కా, నేను—"

"ఎరికే. కోర్టుల ఉన్న గద. ఇన్న."

"కోర్టుల చెప్పనిది ఒకటి నీకు చెప్పాలె. ఆయన నా దిక్కు సెయ్యి లేపిండు. నేను జూసిన. జూసి, మోకు విప్పుకున్న. తర్వాత పోయిన."

చుడుతున్న బీడీ ఆమె వేళ్ల మధ్య చిట్లింది. దాన్ని పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకుంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"పైలం, ఆగుండ్రి అని గూడ నువ్వు అనలే," అంది. "మీదికెల్లి ఇద్దర్ని జూసినవు."

"జూసిన."

"నాకు నిన్ను మాఫ్ జేసుడు రాదు. అందుకోసం అచ్చినవైతే పో."

"అందుకోసం రాలేదు."

"మరి ఎందుకచ్చినవ్?"

"నువ్వు ఏం జెయ్యమంటే అది జెయ్యడానికి."

ఆమె చాట కింద పెట్టి లేచింది. కొంగు దులుపుకుంది. "కోర్టుల చెప్పినవ్, మంచిదే. కోర్టు మా గల్లీల లేదు. గల్లీల ఇంకా తాగి సచ్చిండనే అంటుండ్రు. నడు."

సాంచెలు నడుస్తుంటే ఆ గల్లీలో మాట వినపడదు. పగలు బువ్వల వేళ అవి ఆగేదాకా గోడ పక్కన నిలబడ్డాం. ఆగాక చాయ డబ్బా దగ్గరికి పదిహేను మంది దాకా వచ్చారు. ఆమె నన్ను వాళ్ల ముందు నిలబెట్టి, "గీయననే. చెప్పు," అంది.

చెప్పాను. ఆయన చుక్క తాగలేదని, లొట్టి ఎవరూ ముట్టలేదని, కల్లు పైన పోశారని, నోటి దగ్గర చెవి పెట్టినప్పుడు బీడీ వాసన తప్ప లేదని, మనుమరాలు పుట్టిందని చెప్పాడని. నేను కేక వేసిన సంగతి, విప్పిన సంగతి కూడా చెప్పాను.

"బాగుంది," అన్నాడు ఒకతను చాయ గ్లాసు ఊపుతూ. "తాగించెటోడే అచ్చి తాగలేదని సాక్ష్యం."

"తాగించెటోనికే తెలుస్తదిరా, నీకేం తెలుస్తది?" అంది ఆమె. "నీ పెండ్లినాడు నువ్వు ఎంత తాగినవో నీకు యాదికున్నదా?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆగాక ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, నన్ను తేరిపార చూసి, "పదహారేండ్లు నా పక్క సాంచె నడిపిండు. నేను సుత గట్లనే అన్న," అన్నాడు. అది నాతో కాదు, ఆమెతో. ఆమె తలాడించింది.

సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. నేను పోదామని తిరిగాను.

"ఏడికి? ఎనుక గల్లీ ఉన్నది," అందామె.

వెనక గల్లీలో చెప్పాను. ఆయన పనిచేసిన షెడ్డులో, యజమాని మిషన్లు ఆపించి, నూలు దుమ్ములో నిలబడ్డవాళ్లందరికీ చెప్పాను. నాలుగో చోట, బీడీలు అప్పగించడానికి ఆడవాళ్లు వరసలో కూర్చునే చోట, చెప్పేసరికి నా గొంతు బొంగురుపోయింది. ఒకామె నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను. అక్కా అని నేను పిలిచిన ఆమె అడ్డు రాలేదు.

పొద్దు గూకుతుండగా బస్టాండు దాకా నాతో నడిచి వచ్చింది. బస్సు ఎక్కబోతుంటే అంది:

"కోరుట్లల నా బిడ్డ అత్తగారి వాడకట్టుల సుత చెప్పాలె. వాళ్లు మస్తు మాట్లాడిండ్రు."

"ఎప్పుడు రమ్మంటవక్కా?"

"ఐతారం. పొద్దుగాలనే రా. మధ్యాహ్నమైతే మొగోళ్లు ఇంట్ల దొరుకరు."

ఆదివారం పొద్దున్నే కోరుట్ల బస్సు ఎక్కాను.